వేలు తీసేదాకా

ఆమె ఉద్యోగం కీలు నొక్కడం. ఉదయం ఎనిమిదిన్నరకు కూర్చుంటే సాయంత్రం అయిదు దాకా, ఇళ్లలో వాడుకునే చిన్న కంప్యూటర్లను ఒక్కొక్కటిగా ముందుకు లాక్కుని, వాటి మీదున్న యాభై మూడు కీలనూ వరసగా నొక్కి చూసేది. అన్నీ సరిగ్గా పలికితే అడుగున పచ్చ చీటీ అంటించేది, పలకకపోతే ఎర్ర చీటీ. ఎర్ర చీటీ పడిన మిషను నా దగ్గరకు వచ్చేది. నేను ఆమె వెనక వరసలో, సోల్డరింగ్ బల్ల దగ్గర కూర్చునేదాన్ని. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు, ఆమెకు ముప్పై ఆరు.

ఆ కంప్యూటర్లను ఇప్పటివాళ్లు చూస్తే నవ్వుతారు. మిషనంతా కీబోర్డులోనే ఉండేది. దాన్ని ఇంట్లో టీవీకి తగిలించుకోవాలి. ప్రోగ్రాంలు పాటల క్యాసెట్ల లాంటి క్యాసెట్ల నుంచి ఎక్కించుకోవాలి, ఎక్కుతున్నంతసేపూ అది తోక తొక్కిన పిల్లిలా అరిచేది. తెర మీద అడ్డంగా నలభై అక్షరాలు పట్టేవి. అక్షరం పడినప్పుడల్లా లోపలి బుల్లి స్పీకరు ‘టిక్’ అనేది. రోజంతా ఆ టిక్కుల మధ్యనే ఉండేది కాబట్టి ఫ్యాక్టరీలో అందరూ ఆమెను టిక్కక్కయ్య అనేవారు. మొదట్లో వెనకాల అనేవారు. ఒకరోజు మేనేజరే నోరు జారి ఎదురుగా అనేశాడు. ఆమె ఏమీ అనుకోలేదు. ఆ రోజు నుంచి అదే పేరు ఖాయమైంది.

అంతకు ముందు ఆమె దర్జీ దుకాణంలో పదేళ్లు కాజాలు కుట్టింది. కళ్లు లాగేస్తున్నాయని అది మానేసి ఇక్కడ చేరింది. “బొత్తానికి చిల్లు పెట్టే పని మానేసి బొత్తాలు నొక్కే పనిలో పడ్డాను” అని చెప్పుకునేది. కంప్యూటర్ అంటే ఏమిటో తెలియకుండానే చేరింది. నేనూ అంతే. మా వరసలో ఎవరికీ తెలియదు. మాకు తెలిసినవి తీగలు, మరలు, చీటీలు.

ఆ మొదటి మోడల్లో కీని ఎంతసేపు నొక్కి పట్టుకున్నా ఒక్క అక్షరమే పడేది. అదే అక్షరం మళ్లీ మళ్లీ కావాలంటే, ఎడమవైపు చివర ‘రిపీట్’ అని రాసిన కీ వేరే ఉండేది. ఒక చేత్తో దాన్ని అదిమి పట్టి, రెండో చేత్తో కావలసిన అక్షరం నొక్కితే, అప్పుడు సెకనుకు పది చొప్పున అక్షరాలు బిలబిలమంటూ వచ్చేవి. టిక్కక్కయ్య పరీక్ష అదే. ఎడమ చిటికెన వేలు రిపీట్ మీద, కుడిచేతి చూపుడువేలు అక్షరం మీద. వరస నిండేదాకా పట్టుకోవడం, వదలడం, పక్క కీకి జరగడం. నలభై అక్షరాల వరస నిండటానికి నాలుగు సెకన్లు పట్టేది. ఆమె దాన్ని తన ఊపిరితో కలుపుకుంది. పీల్చి వదిలేసరికి ఒక వరస. గడియారం చూసేది కాదు, తెర కూడా పెద్దగా చూసేది కాదు. కిటికీలోంచి ఎదురు డాబా మీద ఆరేసిన బట్టలు చూస్తూ నొక్కుకుంటూ పోయేది. మధ్యలో ఒక్క టిక్కు తప్పినా చెయ్యి టక్కున ఆగిపోయేది.

“చూడకుండా ఎలా తెలుస్తుంది అక్కా?” అని అడిగాను ఒకసారి.

“అన్నంలో రాయి పడితే చూసి తెలుసుకుంటావా?” అంది.

చేరిన రెండో ఏడాది చలికాలంలో, ఒక మంగళవారం పదకొండు గంటలప్పుడు, ఆమె మిషను మీద నుంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సూపర్‌వైజరు దూరం నుంచే చూసి వచ్చాడు. మంచివాడే కానీ, ఎవరైనా చేతులు ఒళ్లో పెట్టుకుంటే తట్టుకోలేకపోయేవాడు.

“ఏమైంది?”

“ఇవి తొందరపడుతున్నాయండీ.”

“ఏవి?”

“ఈ మిషన్లు. పొద్దుటి నుంచి వచ్చినవన్నీ. నా ఊపిరి పూర్తవకుండానే వరస నిండిపోతోంది.”

అతను తెర వంక చూశాడు. అక్షరాలు చక్కగా ఉన్నాయి. ఏ కీ నొక్కితే ఆ అక్షరమే పడుతోంది. “నీకు జలుబు చేసిందేమో. ఊపిరి ఆడటం లేదేమో” అన్నాడు.

“జలుబు లేదు, ఏమీ లేదు. మీ గడియారంతో కొలవండి.”

కొలిస్తే పోతుంది కదా అని అతను చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టాడు. పది వరసలు నింపింది ఆమె. నలభై సెకన్లు పట్టాలి. ముప్పై మూడుకే అయిపోయింది. ఇంకో మిషను, ముప్పై మూడు. నిన్నటి మిషను ఒకటి అలమారలోంచి తీసి చూస్తే సరిగ్గా నలభై.

“పోనీలే, తొందరగా కొడితే మంచిదే కదా” అన్నాడు సూపర్‌వైజరు. ఆ మాట అతని చెవికే నమ్మకంగా వినిపించినట్టు లేదు. గడియారం చేతిలో పట్టుకునే పైకి వెళ్లి ఇంజనీరును తీసుకొచ్చాడు.

ఇంజనీరును మేము పెన్సిలు సారు అనేవాళ్లం. చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలు ఉండేది. అది అక్కడుందని మరిచిపోయి ఊరంతా వెతికేవాడు. సన్నగా, గబగబా నడిచే మనిషి. వచ్చి తానే ఒక వరస నొక్కి చూశాడు. తరవాత నా బల్ల మీదున్న స్క్రూడ్రైవరు అడక్కుండానే తీసుకుని మిషను అడుగు విప్పి, లోపల ఒక బుడిపెలాంటి దాన్ని వేలితో తిప్పి చూశాడు.

“ఇది మనది కాదు” అన్నాడు. “వేరే దేశానికి పంపాల్సిన బోర్డులు. కలిసిపోయాయి.”

అప్పుడు మాకు వివరంగా చెప్పాడు. ఇక్కడి టీవీల్లో బొమ్మ సెకనుకు యాభైసార్లు గీస్తారట. ఆ బోర్డులు వెళ్లాల్సిన చోట అరవైసార్లు. మా పరీక్ష తెరలు రెండు రకాలనూ మింగేస్తాయి కాబట్టి మాకు తేడా కనపడలేదు. ఇళ్లకు వెళ్తే మాత్రం టీవీలో బొమ్మ నిలవకుండా పైకీ కిందకీ దొర్లుతుంది.

“బొమ్మకీ నా వరసకీ ఏం సంబంధం సార్?” అని అడిగింది టిక్కక్కయ్య.

ఆ ప్రశ్న ఆయనకు నచ్చిందని మొహం చూస్తే తెలిసింది. బల్ల మీద కూర్చున్నాడు. “ఈ మిషనుకి టైము తెలియదమ్మా. దానికి తెలిసిందల్లా బొమ్మ గియ్యడం. బొమ్మ ఒకసారి గీసినప్పుడల్లా కీబోర్డు వైపు తొంగి చూస్తుంది, వేలు ఇంకా ఉందా అని. ఉంటే ఒకటి లెక్క పెట్టుకుంటుంది. అలా అయిదుసార్లు చూశాక ఇంకో అక్షరం వేస్తుంది. మళ్లీ ఒకటి నుంచి మొదలు. బొమ్మలు ఎక్కువ గీస్తే ఎక్కువసార్లు తొంగి చూస్తుంది. అందుకని తొందరగా కొడుతుంది.”

“అంటే సెకనుకు యాభైసార్లు నా వేలి వంక చూస్తుందన్నమాట.”

“అన్నమాటే.”

“మా అత్తగారు కూడా అన్నిసార్లు చూడదు” అంది. వరసంతా నవ్వింది, పెన్సిలు సారు కూడా.

అప్పటికే నాలుగు వందల మిషన్లు అట్టపెట్టెల్లోకి ఎక్కాయి, మర్నాడు లారీ రావాలి. వాటిలో అలాంటివి ఎన్ని కలిశాయో చూడటానికి ఆ రోజు మేమంతా పెట్టెలు విప్పుతూనే ఉన్నాం. అప్పటి నుంచి పెన్సిలు సారు పైనుంచి కిందికి వస్తే ముందు ఆమె బల్ల దగ్గర ఆగేవాడు. ఆమెకు కుషనున్న కుర్చీ కూడా వచ్చింది. మిగతా మా అందరివీ ఇనప స్టూళ్లే.

మరుసటి ఏడాది రెండో మోడల్ తయారైంది. అందులో రిపీట్ కీ తీసేశారు. ఏ కీ అయినా సరే, నొక్కి కాసేపు పట్టుకుంటే దానంతటదే అక్షరం మళ్లీ మళ్లీ పడాలి. రెండు చేతులు అక్కర్లేదు. పెన్సిలు సారు మొదటి మిషను పట్టుకుని పిల్లాడిలా మెట్లు దిగి వచ్చి ఆమె ముందు పెట్టాడు. బాణం గుర్తున్న కీ నొక్కి పట్టుకుంటే తెర మీద గుర్తు ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తింది.

“ఎలా ఉంది?”

ఆమె అటూ ఇటూ నొక్కి చూసింది. “మొదట్లో ఎన్ని లెక్కల దాకా ఆగుతోంది సార్?”

“ఇరవై. తరవాత మూడేసి.”

అంటే వేలు పెట్టాక సెకనులో సగం కూడా ఆగకుండానే రెండో అక్షరం వచ్చేస్తుంది. ఆమె ఇంకోసారి నొక్కింది. తల ఊపింది కానీ, అది ఔననే ఊపు కాదు.

“ఇది మీ వేళ్లకి సరిపోతుంది సార్. నా వేళ్లకి కూడా. మనం రోజూ నొక్కేవాళ్లం. కొనుక్కునేవాళ్లు అలా నొక్కరు.”

“ఎలా నొక్కుతారో నీకెలా తెలుసు?”

“తెలీదు. అందుకే అంటున్నాను. మీకూ తెలీదు కదా.”

పెన్సిలు సారు చెవి మీద పెన్సిలు తీసి, చూసి, మళ్లీ పెట్టుకున్నాడు. శనివారం సాయంత్రం ఒక మిషనూ ఒక క్యాసెట్టూ అట్టపెట్టెలో పెట్టి ఆమెకు ఇచ్చాడు. క్యాసెట్‌లో ఆయన రాసిన చిన్న ప్రోగ్రాం ఉంది. ఎవరైనా కీ నొక్కి వదిలితే, వేలు ఎన్ని లెక్కల పాటు అక్కడ ఉందో తెర మీద అంకె చూపిస్తుంది. “నాకు అంకె తెచ్చివ్వు” అన్నాడు.

ఆమె నా వైపు తిరిగింది. “పిల్లా, రేపు నీకేం పని? మా ఇంటికి రా. నేను నొక్కిస్తాను, నువ్వు రాద్దువు గాని.”

ఆదివారం ఉదయం వెళ్లాను. వాళ్లది మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. వంటగదిలోనే భోజనాల బల్ల, దాని మీదకు టీవీ మోసుకొచ్చి పెట్టారు. ఆమె భర్త రొట్టెల వ్యాను డ్రైవరు, భారీ మనిషి, మాట మెత్తన. పదేళ్ల కూతురు అప్పటికే కుర్చీలో మఠం వేసుకుని కూర్చుంది. కిటికీ పక్కన అత్తగారు. ఆవిడ ముప్పై ఏళ్లు ఒక పెద్ద హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేసి చేసి, వేళ్లు కొక్కేల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. నాకు టీ కప్పును రెండు అరచేతుల మధ్య పట్టుకుని ఇచ్చింది.

ముందు పిల్ల నొక్కింది. నాలుగు, అయిదు, నాలుగు. నిప్పుల మీద వేళ్లు పెట్టి తీసినట్టు. తరవాత ఆమె భర్త కూర్చున్నాడు. ఆయన చూపుడువేలు ఒకేసారి రెండు కీల మీద పడుతోంది. కాసేపటికి ఒడుపు దొరికింది. పన్నెండు, పదిహేను, ముప్పై ఒకటి, పద్నాలుగు, ముప్పై మూడు. నేను రాసుకుంటూ పోతున్నాను. మధ్యమధ్య ఆ ముప్పైలు ఎందుకొస్తున్నాయో అర్థం కాలేదు.

“నాన్నా, నువ్వు నిద్రపోతున్నావు” అంది పిల్ల.

“నిద్ర కాదే, వెతుక్కుంటున్నాను.”

టిక్కక్కయ్య ఆయన చేతి వైపు వంగి చూసింది. “అత్తయ్యా, మీరు రండి” అంది.

“నా కీళ్లకీ నీ కీలకీ పడదమ్మా, నన్ను వదిలెయ్” అంది ఆవిడ. అంటూనే లేచి వచ్చింది. అంకెలు చూపే ప్రోగ్రాం ఆపేసి మామూలుగా కొట్టనివ్వమని అడిగింది. ఆవిడకు ఎక్కడో దూరంగా ఒక చెల్లెలు ఉంది. ఆ చెల్లెలి పేరు కొడతానంది. అయిదు అక్షరాల పేరు. మొదటి అక్షరం వెతికి, వేలు వంచి, అదిమింది. తెర మీద ఒకటి పడింది, ఆగింది, ఆ వెంటనే పది పడ్డాయి. ఆవిడ వేలు తియ్యలేదు. కళ్లు మాత్రం రెండో అక్షరం కోసం కీబోర్డంతా తిరుగుతున్నాయి. చెల్లెలి పేరు పూర్తయ్యేసరికి వరస దాటి కింది వరసలోకి పోయింది.

“నేనొకటంటే ఇది పదంటుందేం? నత్తి ఉందా దీనికి?”

“నువ్వు వేలు తియ్యట్లేదు నానమ్మా.”

“ఎలా తీస్తాను? తరవాతిది కనపడొద్దూ?”

టిక్కక్కయ్య చేతిలో ఉన్న గరిటె పక్కన పెట్టి వచ్చింది. “అత్తయ్యా, ఇంకోసారి కొట్టండి” అంది. ఈసారి తెర చూడలేదు, అత్తగారి చెయ్యే చూసింది. తరవాత భర్తను మళ్లీ కూర్చోబెట్టి చూసింది. నా చేతిలో నోటుపుస్తకం తీసుకుని ఆ ముప్పై ఒకటీ ముప్పై మూడూ కింద గీత గీసింది.

“చూశావా పిల్లా. నొక్కడానికి ఇంతసేపు పట్టడం లేదు వీళ్లకి. రెండో మెట్టు కాలికి తగిలేదాకా మొదటి మెట్టు వదలరు చూడు, చీకట్లో నిచ్చెన దిగేవాళ్లు, అలా పట్టుకుంటున్నారు.”

మధ్యాహ్నం దాకా కింది అంతస్తుల వాళ్లను కూడా పిలిచి నొక్కించాం. చెప్పులు కుట్టే ఆయన, ఒక నర్సు, రిటైరైన లెక్కల మాస్టారు. ప్రతివాళ్ల అంకెల్లోనూ మధ్యలో ఒక పెద్ద అంకె వచ్చేది, తరవాతి అక్షరం కనపడని చోట. నర్సుకు ఇరవై ఎనిమిది. మాస్టారికి ముప్పై నాలుగు. అత్తగారికి యాభై దాటింది.

గొడవ చేసింది పిల్ల ఒక్కతే. మిషను ఎక్కువసేపు ఆగితే, దాని మీద ఆడే ఆటలో చుక్క పరుగెత్తదట. “ఎంతసేపని చూడాలమ్మా, ముసలైపోతాను” అంది. తల్లి ఒక నిమిషం ఆలోచించి, “ఆగడం వేరు, పరుగెత్తడం వేరు కదే. ఎక్కువసేపు ఆగి, ఆ తరవాత గబగబా పరుగెత్తితే సరేనా?” అని అడిగింది. పిల్ల బేరం ఒప్పుకుంది.

సోమవారం ఆ నోటుపుస్తకం పెన్సిలు సారు చేతిలో పెట్టింది. ఆయన నిలబడే చదివాడు. చదివి, తన వేళ్ల వంక చూసుకున్నాడు. “నేను ఎప్పుడూ వెతుక్కోలేదు” అన్నాడు మెల్లగా. “వెతుక్కునేవాళ్లుంటారని తట్టలేదు.”

“ముప్పై ఆరు పెట్టండి సార్. తరవాత మీ మూడు మీ ఇష్టం.”

“మీ అత్తగారికి ముప్పై ఆరు చాలదే.”

“చాలదు” అంది. ఆవిడ కోసం అరవై అయిదు పెడితే మిగతావాళ్లకు మిషను మొద్దుబారినట్టు ఉంటుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు.

ఇంతకీ మేనేజరుకు ముప్పై ఆరే నచ్చలేదు. దుకాణంలో కొనేవాడు బాణం కీ నొక్కగానే గుర్తు రివ్వున పోవాలి, లేకపోతే పక్క కంపెనీది కొనుక్కుంటాడు అన్నాడు. ఇరవయ్యే ఉంచమన్నాడు. పెన్సిలు సారు ఎదురు చెప్పలేదు. ఇరవై పెట్టిన మిషను ఆయన ముందుంచి, “ఈ పెట్టె మీద అంటించడానికి మన కంపెనీ చిరునామా ఒకసారి కొట్టివ్వండి సార్” అన్నాడు. మేనేజరు కోటు సర్దుకుని ఒంటివేలితో మొదలుపెట్టాడు. మా వరసంతా సోల్డరింగ్ ఆపి చూస్తున్నాం. రెండో మాటకే ఒక అక్షరం నాలుగైంది. చెరిపాడు. చెరిపే కీ మీద వేలు కాస్త ఉంచేసరికి కొట్టిన చిరునామా అంతా మాయమైపోయింది.

“ఈ మిషను పాడైంది. ఎర్ర చీటీ వెయ్యండి” అన్నాడు.

“పాడవలేదండీ” అంది టిక్కక్కయ్య తన కుర్చీలోంచి. “మీకోసం ఆగడం లేదు, అంతే.”

ఆయన ఆమె వంకా, మిషను వంకా చూసి, ఏదో గొణుక్కుంటూ పైకి వెళ్లిపోయాడు. మధ్యాహ్నానికి ముప్పై ఆరు ఖాయమైందని కబురొచ్చింది.

వారం తరవాత పెన్సిలు సారు ఇంకో మాట చెప్పడానికి వచ్చాడు. ఆ రెండు అంకెలనూ మిషను లోపల మారని చోట కాకుండా, మార్చుకోగలిగిన చోట పెట్టాడట. ఇంట్లో ఎవరైనా ఒక్క వరస కొట్టి తమకు కావలసిన అంకె పెట్టుకోవచ్చు. కాకపోతే మిషను ఆపేస్తే మరిచిపోతుంది, పెట్టినప్పుడల్లా మళ్లీ చెప్పాలి. “మీ అత్తగారి కోసం” అన్నాడు, పెన్సిలు కోసం జేబులు తడుముకుంటూ.

ఆయన వెళ్లాక టిక్కక్కయ్య మిషను ముందుకు లాక్కుని నొక్కడం మొదలుపెట్టింది. ఆ రోజు ఆమె రెండుసార్లు వరస తప్పింది. నాకు తెలిసి అంతకు ముందు ఎప్పుడూ తప్పలేదు.

మిషనుతో ఇచ్చే పుస్తకంలో నలభై ఏడో పేజీలో దాని గురించి మూడు లైన్లు వేశారు. ఆమె పేరు ఎక్కడా లేదు. ఆమె వెతకలేదు కూడా. నేను మొదటి అట్ట నుంచి చివరి అట్ట దాకా వెతికాను.

చిన్న సొట్ట ఉందని అమ్మకుండా పక్కన పెట్టేసిన మిషను ఒకటి పెన్సిలు సారు టిక్కక్కయ్య ఇంటికి పంపించాడు. అత్తగారు దాని మీద చెల్లెలికి ఉత్తరాలు కొట్టడం మొదలుపెట్టింది. పొద్దున్న బడికి వెళ్లే ముందు మనవరాలు మిషను పెట్టి, అరవై అయిదు అని దానికి చెప్పి వెళ్లేది. ఒకరోజు మరిచిపోయి వెళ్లిపోయింది. ఆవిడే కొట్టుకోబోతే, ఆ అంకె పెట్టే వరసే తెర నిండా పాకిందట. “దీన్ని కాస్త ఆగమని చెబుదామంటే, చెప్పేదాకా ఆగడం లేదు” అని సాయంత్రం కోడలికి ఫిర్యాదు చేసింది. ఆవిడ ఉత్తరాలు క్యాసెట్‌లో పట్టుకొచ్చి టిక్కక్కయ్య భోజనాల వేళ ఫ్యాక్టరీ ప్రింటరు మీద అచ్చు తీసుకునేది. చేత్తో రాయడం మానేసి ఎనిమిదేళ్లయిన మనిషి, వారానికి అర పేజీ చొప్పున చెల్లెలికి రాసింది. ఆ చెల్లెలు జవాబుగా, అక్క రాత ఇంత గుండ్రంగా ఎప్పుడు కుదిరిందని అడిగింది.

పెన్సిలు సారు ఒకసారి వాళ్లింటికి భోజనానికి వెళ్లి, గుమ్మంలోనే “అరవై అయిదు గారు ఉన్నారా?” అని అడిగాడట. ఆవిడకు అప్పటికి డెబ్బై రెండు. తన వయసు తగ్గించి చెబుతున్నాడనుకుని మురిసిపోయి, ఆయనకు ఎప్పుడొచ్చినా రెండోసారి వడ్డించేది. నిజం చెప్పొద్దని టిక్కక్కయ్య ఇంట్లో అందరి దగ్గరా మాట తీసుకుంది. ఆవిడ పోయేదాకా ఎవరూ చెప్పలేదు.

ఫ్యాక్టరీ ఇంకో నాలుగేళ్లు నడిచింది. తరవాత ఎక్కడెక్కడి నుంచో పెద్ద మిషన్లు వచ్చాయి. మావి దుకాణాల్లో మూలకు చేరాయి, ఆ తరవాత మూల కూడా దొరకలేదు. ముందు పైనున్న గదులు ఖాళీ అయ్యాయి. పెన్సిలు సారు వేరే ఊళ్లో ఉద్యోగం చూసుకుని వెళ్తూ, ఒక్కొక్కరి బల్ల దగ్గరా ఆగి చేయి కలిపాడు. టిక్కక్కయ్య దగ్గర మాత్రం కూర్చుని, కీలన్నీ ఒకసారి వరసగా నొక్కించుకుని విన్నాడు. తరవాత లేచి వెళ్లాడు. చివరి రోజు మా అందరికీ తలా ఒక మిషను తీసుకెళ్లమన్నారు. ఆమె మిషను వద్దని, తన కుర్చీ అడిగింది. మేనేజరు తెల్లబోయి సరేనన్నాడు. ఆమె భర్త రొట్టెల వ్యాను తెచ్చాడు. ఖాళీ రొట్టె ట్రేల మధ్య కుర్చీని నిలబెట్టి, పడకుండా పట్టుకుని వెనకాల ఆమె కూర్చుంది. నేను వీధి చివరి దాకా చెయ్యి ఊపాను.

తరవాత ఆమె ఒక మందుల దుకాణంలో ఇరవై ఏళ్లు పనిచేసింది. సీసాల మీద చీటీలు అంటించడం, వచ్చినవాళ్లకు ఏ బిళ్ల ఎప్పుడు వేసుకోవాలో చెప్పడం. ముసలివాళ్లు ఆమె కౌంటరు దగ్గరే వరస కట్టేవారని, పక్క కౌంటరు ఖాళీగా ఉన్నా అటు వెళ్లేవారు కాదని ఆమె కూతురు చెప్పింది. ఆ కూతురు ఇప్పుడు సిటీ బస్సు నడుపుతోంది. టిక్కక్కయ్య భర్త పోయి ఆరేళ్లయింది. నేను గురువారం గురువారం వెళ్లి చూసి వస్తుంటాను. ఇద్దరం పక్కనున్న పార్కు చుట్టూ రెండుసార్లు తిరుగుతాం. ఆమెకు డెబ్బై తొమ్మిది, నాకంటే గట్టిగా నడుస్తుంది.

పోయిన నెల ఒక గురువారం, నడక అయ్యాక, “మన ఫ్యాక్టరీ దాకా వెళ్దామా?” అని అడిగింది. ఎన్నో ఏళ్లుగా అటు వెళ్లలేదు మేము. బస్సెక్కి వెళ్లాం. ఇప్పుడది నేల మీద పరిచే పలకలు అమ్మే షోరూము. ముందువైపు అంతా అద్దాలు. ఊరికే చూడటానికి వచ్చామంటే బాగుండదని, బాత్రూముకు పలకలు కావాలని అబద్ధం చెప్పి లోపలికి వెళ్లాం. నూనూగు మీసాల సేల్స్‌మాన్ ఒకతను మా వెంటే వచ్చాడు.

లోపల గోడలన్నీ తీసేశారు. ఏది ఎక్కడుండేదో నాకు తెలియలేదు. ఆమె మాత్రం తిన్నగా నడుచుకుంటూ వెళ్లి, నీలం పలకలు పేర్చిన చోట ఆగింది. “కిటికీ ఇక్కడ” అంది. గోడ మూసేసి ఉంది. కానీ పైన, సున్నం కింద, కిటికీ చట్రం ఆకారం లీలగా తెలుస్తోంది.

“నువ్వు అక్కడ కూర్చునేదానివి” అని వెనక్కి చూపించింది. అక్కడ వాష్‌బేసిన్లు ఉన్నాయి. వాటి ముందు నిలబడి చూశాను. ఇక్కడి నుంచే రోజూ ఆమె వీపు కనిపించేది, జడ చివర ముడి, భుజం మీద నూలు పోగు. ఏడేళ్ల పాటు నేను ఎక్కువగా చూసింది ఆ వీపునే.

“బాత్రూము ఎంత పెద్దదండీ?” అని అడిగాడు సేల్స్‌మాన్.

ఆమె ఆలోచించి చేతులు చాపి చూపించింది. అతను నీలం రంగు పలక ఒకటి తీసి వెలుతురులో పట్టుకున్నాడు. ఆమె నిజంగానే చూడటం మొదలుపెట్టింది. వేలితో అంచు తడిమింది. ఆ నీలం చలిగా ఉందంది. ఇంకోటి చూపించమంది. అతను పసుపు తెచ్చాడు, లేత బూడిదరంగు తెచ్చాడు. మెట్లెక్కి పైనుంచి కూడా తెచ్చాడు. పావుగంటయ్యాక నేను చెవిలో, “అక్కా, మనం కొనట్లేదు కదా” అన్నాను.

“చూడనియ్యవే. పాతవి పగిలిపోయి మూడేళ్లయింది. అమ్మాయి మారుద్దామంటూనే ఉంది.”

చివరికి లేత బూడిదరంగు నాలుగు పలకలు నమూనాకు ఇచ్చాడు. బరువుగా ఉన్నాయి. చెరి రెండు పట్టుకుని బస్టాపు దాకా నడిచాం. బస్సు రావడానికి ఇంకా టైముంది. ఆమె బెంచీ మీద కూర్చుని పలకలు మోకాళ్ల మీద పెట్టుకుంది. ఎదురుగా డాబా మీద ఎవరో బట్టలు ఆరేస్తున్నారు. దుప్పటి కొస గాలికి మాటిమాటికీ జారిపోతోంది.

“రెండు క్లిప్పులు పెట్టాలి దానికి” అంది.

ఆరేస్తున్న అమ్మాయికి వినపడదు కదా, అయినా రెండో క్లిప్పు పెట్టేదాకా ఇద్దరం చూస్తూ కూర్చున్నాం.